ఎలుగుబంట్ల అడవిలో చక్రాల ఇళ్ళు

వెనకటి రోజుల్లో మన పల్లెలవాళ్ళు తిరునాళ్ళకు గూడుబండ్లు కట్టుకుని పోయేవారు. బియ్యం, పప్పు, చింతపండు, గిన్నెలు, చాపలు అన్నీ బండిలోనే ఉండేవి. చెరువూ చెట్టునీడా కనిపించిన చోట ఎడ్లను విప్పి, మూడు రాళ్ళు పెట్టి వంట చేసుకునేవారు. ఆ గూడుబండికి ఇంజను తగిలించి, లోపల వంటిల్లు, పడకలు, స్నానాలగది, మరుగుదొడ్డి కూడా అమర్చితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అమెరికాలో అటువంటి బండ్లు లక్షల కొద్దీ ఉన్నాయి. వాటిని అక్కడివాళ్ళు ‘ఆర్.వి.’ అంటారు. విహారానికి పోయే బండి అని దాని అర్థం. మనం చక్రాల ఇల్లు అందాం.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 1910లోనే పియర్స్-యారో అనే మోటారు కంపెనీ న్యూయార్కు ప్రదర్శనలో ఇటువంటి బండిని పెట్టింది. దాని వెనక సీటు విప్పితే మంచమయ్యేది. ఇప్పటి బండ్లు రెండు రకాలు. కొన్నిటికి ఇంజను ఉంటుంది. మరికొన్నిటికి ఉండదు, వాటిని మోటారు వెనక తగిలించి లాక్కుపోతారు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్ళు కూడా వేసవి సెలవుల్లో ఇటువంటి బండి అద్దెకు తీసుకుని పిల్లలతో అడవులు చూడబోతూంటారు. మా అమ్మాయి కుటుంబం వెళుతూంటే నేనూ వారితో కలిసి వెళ్ళాను.

మేము వెళ్ళినది ఎల్లోస్టోన్ అనే చోటికి. 1872 మార్చి 1న అమెరికా ప్రభుత్వం ఈ అడవిని అందరికీ చెందిన ఉద్యానవనంగా ప్రకటించింది. ప్రపంచంలో మొట్టమొదటి జాతీయోద్యానవనం ఇదేనంటారు. దీని వైశాల్యం దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు. భూమి లోపలి వేడికి మరిగి, ఫౌంటెన్లలాగా పైకి చిమ్మే వేడినీటి బుగ్గలు ఇక్కడ 500కు పైగా ఉన్నాయి. ప్రపంచంలోని అటువంటి బుగ్గల్లో సగానికి పైగా ఇక్కడే ఉన్నాయి. అడవిదున్నలు, తోడేళ్ళు, ఎల్క్ అనే పెద్ద దుప్పులు, గ్రిజ్లీ అనే గోధుమరంగు ఎలుగుబంట్లు ఇక్కడ స్వేచ్ఛగా తిరుగుతాయి. మనుషులకు అడవిదున్న దగ్గిర 25 గజాలు, ఎలుగు దగ్గిరా తోడేలు దగ్గిరా 100 గజాలు హద్దు. అంతకంటే దగ్గిరికి పోరాదు.

ఈ అడవి మధ్య ఒక పెద్ద సరస్సు ఉన్నది. దాని నుంచి నది బయలుదేరే చోట ఒక చెక్క వంతెన ఉన్నది. దాని పేరు ఫిషింగ్ బ్రిడ్జి, అంటే చేపలు పట్టే వంతెన. తమాషా ఏమంటే, ఆ వంతెన మీద చేపలు పట్టరాదు! ఒకప్పుడు జనం దాని మీద భుజానికి భుజం ఆనించి నిలబడి గాలాలు వేసేవారు. అందువల్ల చేపలు తరిగిపోతూంటే 1973లో దాన్ని మాన్పించారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ వంతెనకు దగ్గిరలోనే చక్రాల ఇళ్ళ విడిది ఉన్నది. మూడు వందలకు పైగా బండ్లు అక్కడ దిగవచ్చు. ఒక్కొక్క బండికీ నీటి కుళాయి, కరెంటు, మురుగు తూము ఏర్పాటై ఉంటాయి.

బండి ఆగగానే మా అల్లుడు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? తాపీమేస్త్రీలు వాడే రసమట్టం వంటి దాన్ని నేల మీద పెట్టి చూడటం. ఒక పక్క వాలు కనిపించింది. ఆ పక్క చక్రాల కింద పలకలు వేసి బండిని సమంగా నిలబెట్టాడు. నిద్రలో దొర్లకుండా ఉండటానికి మాత్రమే అనుకోకండి. ఇలాంటి బండ్లలో చాలావాటికి ఒక వింత రకం ఫ్రిజ్ ఉంటుంది. దాని కింద గ్యాసు మంట వెలుగుతుంది. పైన పాలు చల్లబడతాయి!

మంటతో చలువ ఎలా పుడుతుంది? మన మట్టికుండను గుర్తు చేసుకోండి. కుండకు చెమ్మ పట్టి, ఆ చెమ్మ ఆవిరి అయిపోతూ నీటిలోని వేడిని లాక్కుపోతుంది. అందుచేత నీళ్ళు చల్లబడతాయి. ఈ ఫ్రిజ్‌లో ఆ పని చేసేది అమ్మోనియా అనే పదార్థం. అది నీటిలో కలిసి ఉంటుంది. కింది మంట దాన్ని నీటి నుంచి వేరుచేసి ఆవిరిగా పైకి పంపుతుంది. పైన అది చల్లారి ద్రవమై గొట్టాల వెంట కిందికి పారుతుంది. పారుతూ మళ్ళీ ఆవిరి అవుతుంది. అయ్యేటప్పుడు పెట్టెలోని వేడిని పీల్చుకుంటుంది. ఆ పైన తిరిగి నీటిలో కలిసిపోతుంది. ఇందులో తిరిగే చక్రం లేదు, చప్పుడు లేదు. ద్రవాలు తమంతట తాము పల్లానికి పారాలి, అంతే. బండి ఒరిగి నిలబడితే ఆ పారకం ఆగి ఫ్రిజ్ పాడవుతుంది. దీన్ని 1922లో స్వీడన్‌లో ఇద్దరు విద్యార్థులు కనిపెట్టారు. వారి పేర్లు ఫాన్ ప్లాటెన్, మున్టెర్స్. విద్యార్థులని ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానో చదివేవాళ్ళు గ్రహించగలరు.

ఇక నీటి సంగతి. బండి అడుగున మూడు తొట్లు ఉంటాయి. ఒకదానిలో మంచినీళ్ళు, రెండవదానిలో స్నానమూ గిన్నెలూ కడిగిన నీళ్ళు, మూడవదానిలో మరుగుదొడ్డి నీళ్ళు. అమెరికా కొలతలో 40 గ్యాలన్ల తొట్టి అంటే దాదాపు 150 లీటర్లు. ఒక లీటరు నీళ్ళు ఒక కిలో గనుక, ఆ తొట్టి నిండితే బండి మోసేది 150 కిలోలు! ఇంట్లో కుళాయి కట్టటం మరిచిపోయే పిల్లలు కూడా ఇక్కడ పళ్ళు తోముకోవటానికి ఒక గ్లాసుతో సరిపెట్టుకుంటారు. ఎందుకంటే మంచినీళ్ళ తొట్టి ఖాళీ అయినంత మేరా పక్క తొట్లు నిండుతూ ఉంటాయి. వాటిని తూములోకి వదిలేటప్పుడు మరుగుదొడ్డి తొట్టిని ముందు తెరుస్తారు, సబ్బునీళ్ళ తొట్టిని తరవాత తెరుస్తారు. అలా చేస్తే సబ్బునీళ్ళతో గొట్టం కడుక్కుపోతుంది. ఈ పని ఎవరికీ ఇష్టం ఉండదు గాని, ఎవరో ఒకరు చెయ్యక తప్పదు. మా వాళ్ళు రోజుకొకరి చొప్పున వంతులు వేసుకున్నారు.

వంట దగ్గిర ఇంకొక శాస్త్ర విషయం బయటపడింది. ఆ సరస్సు సముద్రమట్టానికి 7,733 అడుగుల ఎత్తున ఉన్నది. అంటే ఊటీ కన్నా కాస్త ఎత్తు. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ. అందువల్ల నీళ్ళు 100 డిగ్రీల దాకా వేడెక్కకుండా 92 డిగ్రీల దగ్గిరే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా మూత లేని గిన్నెలో అంతకు మించి వేడెక్కవు. కందిపప్పు గంటసేపు కుతకుతలాడినా పలుకుగానే ఉంది. మర్నాడు మా అమ్మాయి ప్రెషర్ కుక్కరు బయటికి తీసింది. కుక్కరు ఆవిరిని బిగించి ఒత్తిడి పెంచుతుంది గనుక లోపలి నీళ్ళు 100 డిగ్రీలు దాటిన తరవాత గాని మరగవు. పప్పు వెన్నలా ఉడికింది.

ఆ విడిదిలో గుడారాలు వెయ్యనివ్వరు. గుడ్డ గోడలున్న బండ్లనూ రానివ్వరు. గట్టి గోడల బండ్లు మాత్రమే రావాలి. కారణం ఎలుగుబంట్లు. వసంతకాలంలో చేపలు గుడ్లు పెట్టటానికి వాగుల్లోకి ఎదురెక్కి వచ్చేవి. వాటి కోసం ఎలుగులు తరతరాలుగా ఈ చోటికి వచ్చేవి. ఎలుగుకు గుడ్డ ఒక అడ్డం కాదు. దాని ముక్కు మహా చురుకైనది. కనుక తిండి వస్తువులే కాదు, కడగని గిన్నె, సబ్బు, పళ్ళు తోముకునే ముద్ద కూడా బయట ఉంచరాదు. ఉద్యానవనం కాపలాదారును రేంజరు అంటారు. మేము దిగిన సాయంత్రమే ఒక రేంజరు వచ్చి, ఇవన్నీ ఓపికగా చెప్పి వెళ్ళింది. ఎలుగు మీదికి వస్తే దాని ముఖాన చిమ్మే డబ్బా ఒకటి నడకకు పోయేవాళ్ళు వెంట ఉంచుకుంటారు. అందులో ఉండేది మరేమీ కాదు, మిరపకాయకు కారాన్నిచ్చే పదార్థమే!

మర్నాడు ఉదయం మా మనవడు బల్ల మీద అన్నం మెతుకులు నాలుగు పెట్టబోతే వాళ్ళమ్మ ఆపింది. వాడు నా దగ్గిరికి వచ్చి, “తాతయ్యా, ఊళ్ళో నాయనమ్మ రోజూ కాకికి ముద్ద పెడుతుంది గదా. పుణ్యమంటుంది. ఇక్కడ పెడితే తప్పెలా అవుతుంది?” అన్నాడు.

వాడి ప్రశ్న మంచిది. దానికి జవాబు ఆ అడవి చరిత్రలోనే ఉన్నది. ఒకప్పుడు ఎల్లోస్టోన్‌లో హోటళ్ళవాళ్ళు ఎంగిలి తిండి అంతా కుప్పలు పోసేవారు. ఎలుగులు గుంపులుగా వచ్చి తినేవి. జనం కూర్చుని చూడటానికి బల్లలు కూడా వేశారు! దారి పక్క ఎలుగులు కార్ల దగ్గిర నిలబడి రొట్టెముక్కలు అడుక్కునేవి. అందరికీ అది ముచ్చటగానే ఉండేది. కాని 1931 నుంచి 1969 వరకు లెక్క చూస్తే సగటున ఏటా 48 మందిని ఎలుగులు గాయపరిచాయి. అవి క్రూరమై చేసిన పని కాదు. మనిషి అంటే తిండి అని వాటికి మనమే నేర్పాము. తిండి ఇవ్వనివాడి మీద అవి పంజా విసిరాయి. అటువంటి ఎలుగును ఏం చెయ్యాలి? దూరం తీసుకుపోయి వదిలితే తిరిగి వచ్చేది. చివరికి చంపవలసి వచ్చేది.

1970 నాటికి ఆ కుప్పలన్నీ మూసేశారు. తిండి అలవాటుపడిన ఎలుగులు విడిదుల మీద పడ్డాయి. ఆ కొద్ది సంవత్సరాల్లో చాలా ఎలుగులు చచ్చాయి. 1975లో ఆ ప్రాంతమంతటా కలిపి గ్రిజ్లీలు 136 మాత్రమే మిగిలాయని అంచనా వేశారు. అప్పుడు వాటికి చట్టం రక్షణ ఇచ్చింది. ఎంగిలి దొరకకుండా ఇనప మూతల చెత్తపెట్టెలు పెట్టారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల గ్రిజ్లీలు వెయ్యి దాకా ఉన్నాయి. గాయపడే మనుషులు సగటున ఏడాదికి ఒక్కరు.

కాకి మన ఊళ్ళో మనతోనే బతుకుతుంది. అది మన ఇంటి చుట్టమే. అడవి ఎలుగు మన చుట్టం కాదు, కాకూడదు. ఇలా చెబితే వాడు కాస్సేపు ఆలోచించి, “మరి అక్కడి కాకి?” అన్నాడు. అక్కడి కాకికి కూడా వద్దన్నాను. దానికి వేసిన మెతుకుల వాసనకు ఎలుగు రాదని ఎవరు చెప్పగలరు?

తిండి పెట్టటమే కాదు, ఒక చేపను తెచ్చి వదిలినా అంతే. ఆ సరస్సులో పూర్వం నుంచీ ఉన్నది కట్‌త్రోట్ అనే ట్రౌట్ చేప. ఎవరో తెచ్చి వదిలిన లేక్ ట్రౌట్ అనే పెద్ద చేప అందులో ఉన్నట్టు 1994లో కనిపెట్టారు. అది కట్‌త్రోట్‌ను తినేస్తుంది. పైగా అది లోతు నీళ్ళలో ఉండి, సరస్సులోనే గుడ్లు పెడుతుంది, వాగుల్లోకి రాదు. వాగు ఒడ్డున కాచుకునే ఎలుగుకు అది అందదు. చేపలు తగ్గిన వాగుల దగ్గిరికి ఎలుగుల రాక కూడా తగ్గింది. దుప్పి పిల్లల వేట పెరిగింది. అధికారులు ఏటా వలలు వేసి లక్షల కొద్దీ లేక్ ట్రౌట్ చేపలను తీస్తున్నారు. కట్‌త్రోట్ ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది.

మేము అక్కడ ఉన్నది మూడు రాత్రులు. నిశ్శబ్దవేళ కాగానే విడిదిలో జనరేటర్లన్నీ ఆగిపోయేవి. దీపాలు కూడా ఆర్పితే ఆకాశంలో పాలపుంత స్పష్టంగా కనిపించింది. పిల్లలు ఎలుగును చూస్తామని ఎంతో ఆశపడ్డారు. మూడవ రోజు సాయంత్రం లోయకు అవతల, చాలా దూరాన, దుర్భిణిలో ఒక తల్లి ఎలుగు, రెండు పిల్లలు కనిపించాయి. నేల తవ్వి దుంపలు తింటున్నాయి. అవి మా వంక ఒక్కసారి కూడా చూడలేదు.

శరత్కాలం రాగానే ఈ విడిది మూసేస్తారు. నీరు గడ్డ కడితే దాదాపు పదోవంతు ఉబ్బుతుంది. గొట్టాల్లో నీళ్ళుంటే అవి పగిలిపోతాయి. అందుచేత చక్రాల ఇళ్ళవాళ్ళు చలికాలానికి ముందు తొట్లు ఖాళీ చేసి, గొట్టాల్లో గడ్డకట్టని గులాబి రంగు ద్రవం పోసి బండిని షెడ్డులో పెడతారు. నవంబరుకల్లా ఎలుగులు కూడా బొరియల్లోకి పోతాయి. డిసెంబరు చివరికి సరస్సంతా గడ్డకడుతుంది. దాదాపు మే నెలాఖరుకు గాని ఆ మంచు కరగదు.