ఈస్ట్ కణాల సంయోగంలో ఫెరోమోన్ గ్రాహకాలు – ఎండు తెగులు శిలీంధ్రాలతో వాటి సంబంధం

పెద్దపల్లి జిల్లా రామగిరి ఖిల్లా పరిసరాలలో ఒక వైపు సింగరేణి గనులు, మరొక వైపు పత్తి, వరి చేలు కనిపిస్తాయి. అక్కడి తాటిచెట్ల నుంచి తెల్లవారుజామున దించిన తీపి కల్లు మధ్యాహ్నానికి నురగ కట్టి పులుస్తుంది. ఈ మార్పును తెచ్చే సూక్ష్మజీవులలో ముఖ్యమైనది శాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్ట్. లొట్టిలో చక్కెర ఉన్నంతసేపు ఇది మొగ్గ తొడుగుతూ అలైంగికంగా వృద్ధి చెందుతుంది. పోషకాలు, ప్రధానంగా నత్రజని, కొరవడినప్పుడు ద్వయస్థితిక కణం క్షయకరణ విభజన చెంది నాలుగు సిద్ధబీజాలను ఏర్పరుస్తుంది. వాటిలో రెండు ‘ఎ’ రకానివి, రెండు ‘ఆల్ఫా’ రకానివి. ఇవి మొలకెత్తినప్పుడు ఏర్పడే ఏకస్థితిక కణాలకే సంయోగ సామర్థ్యం ఉంటుంది.

ఈస్ట్ కణం కదలలేదు. కనుక పక్కనున్న తగిన కణం ఎటువైపు ఉన్నదో తెలుసుకొని ఆ దిశగా పెరగడమే దానికున్న మార్గం. ఆల్ఫా కణం 13 అమైనో ఆమ్లాలు గల ఆల్ఫా ఫెరోమోన్‌ను, ఎ కణం 12 అమైనో ఆమ్లాలతో పాటు కొవ్వు స్వభావం గల ఒక భాగాన్ని కలిగిన ఎ ఫెరోమోన్‌ను విడుదల చేస్తాయి. ఎ కణపు పొరలోని స్టె2 గ్రాహకం ఆల్ఫా ఫెరోమోన్‌ను, ఆల్ఫా కణంలోని స్టె3 గ్రాహకం ఎ ఫెరోమోన్‌ను గుర్తిస్తాయి. ఏ కణమూ తన ఫెరోమోన్‌ను తాను గుర్తించదు. ద్వయస్థితిక కణంలో ఈ రెండు గ్రాహకాల జన్యువులూ అణగి ఉంటాయి. అందువల్ల అది సంయోగానికి స్పందించదు.

స్టె2 కణపొరను ఏడుసార్లు దాటే ప్రోటీన్. ఫెరోమోన్ వచ్చి చేరగానే దీని ఆకృతి మారి, లోపలి వైపున ఉన్న జి–ప్రోటీన్‌లోని ఆల్ఫా భాగం నుంచి బీటా–గామా జంట విడిపోతుంది. ఈస్ట్‌లో సంకేతాన్ని ముందుకు నడిపేది ప్రధానంగా ఈ జంటయే. అక్కడి నుంచి కైనేజ్ ఎంజైముల వరుస ఒకదానినొకటి ఉత్తేజపరచి, చివరి ఎంజైమైన ఫస్3 ద్వారా సంకేతాన్ని కేంద్రకానికి చేరవేస్తుంది. అప్పుడు సంయోగానికి కావలసిన జన్యువులు మేల్కొంటాయి. ఫార్1 అనే ప్రోటీన్ కణవిభజనను జి1 దశలో నిలిపివేయడమే గాక, ఫెరోమోన్ సాంద్రత ఎక్కువగా ఉన్న దిశకు కణం పెరిగేలా చేస్తుంది. రెండు కణాల కొనలు కలిసి, గోడలు కరిగి, కేంద్రకాలు ఏకమై సంయుక్తబీజం ఏర్పడుతుంది.

ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటి ఉంది. ఎ కణం బార్1 అనే ఎంజైమును వెలుపలికి పంపి, తాను వెదుకుతున్న ఆల్ఫా ఫెరోమోన్‌నే ఛేదిస్తుంది. ఇది వ్యర్థచర్య కాదు. ఫెరోమోన్ అంతటా సమానంగా నిండిపోతే దిశ తెలియదు. పత్తి చేనంతటా గులాబీ రంగు పురుగు ఫెరోమోన్‌ను నింపి మగ పురుగులను దారి తప్పించే పద్ధతికి మూలం ఇటువంటి సూత్రమే. అయితే పోలిక అంతవరకే. లింగాకర్షక బుట్టకు వచ్చే పురుగు మీసాలలోని గ్రాహకాలు జి–ప్రోటీన్ మార్గం మీద ఆధారపడవు. అవి అయాన్ ద్వారాలుగా పనిచేస్తాయి. విద్యార్థులు తరచుగా ఈ రెండింటినీ ఒకటిగా భావిస్తారు.

వ్యవసాయ శాస్త్రానికి ఈ గ్రాహకం వేరొక చోట నుంచి ఎదురైంది. టమాటాలో వడలు తెగులును కలిగించే ఫ్యుజేరియం ఆక్సీస్పోరమ్ శిలీంధ్రానికి లైంగిక దశ ఉన్నట్లు ఇంతవరకు కనుగొనబడలేదు. అయినా దానిలో స్టె2 ఉంది. స్పెయిన్‌లోని కార్డోబా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2015లో వెల్లడించిన ప్రకారం, టమాటా వేర్లు స్రవించే పెరాక్సిడేజ్ ఎంజైముల చర్య వల్ల శిలీంధ్ర తంతువులు వేరు వైపు వంగి పెరుగుతాయి. స్టె2 జన్యువును తొలగిస్తే ఆ దిశాజ్ఞానం పోతుంది. జతను వెదికే సాధనమే ఆతిథేయిని వెదికే సాధనమైంది. పోషకాల వైపు పెరుగుదలకు మాత్రం వేరొక కైనేజ్ మార్గం ఉపయోగపడుతుంది.

కంది ఎండు తెగులుకు కారణం ఫ్యుజేరియం ఉడమ్ అనే వేరొక జాతి గనుక, టమాటా ఫలితాన్ని యథాతథంగా కంది చేనుకు ఆపాదించడం తొందరపాటు అవుతుంది. శిలీంధ్రం దారునాళాలలో చేరిన తరువాత మొక్కను కాపాడడం దాదాపు అసాధ్యం; తంతువు వేరును చేరకముందే అడ్డుకోవాలి. స్టె2 మొక్కలలో లేనందున, దానిని మాత్రమే నిరోధించే పదార్థం పైరుకు హాని చేయకపోవచ్చునన్న ఆశకు ఆధారం ఉంది. అటువంటి మందు ఏదీ రైతుకు అందుబాటులోకి రాలేదు. కనుక విస్తరణ శాస్త్రవేత్తలు తెగులును తట్టుకొనే ఆశ (ఐసీపీఎల్ 87119) వంటి రకాలను, జొన్నతో పంట మార్పిడిని, ట్రైకోడెర్మాతో విత్తనశుద్ధిని సిఫారసు చేయడమే సమంజసం.