బీమా ఉన్న అద్దానికీ బిల్లు ఎందుకు? గ్యారేజీ కౌంటరు వద్ద తేలని లెక్క

భిలాయి (ఛత్తీస్‌గఢ్): ఉక్కు నగరం మీదుగా సాగే జీఈ రోడ్డు ఇప్పుడు 53వ నంబరు జాతీయ రహదారిలో భాగం. ఉక్కు చుట్టలు మోసే ట్రెయిలర్లు, జాముల్ సిమెంటు లారీలు, హథ్‌ఖోజ్ పారిశ్రామిక వాడకు వెళ్లే టిప్పర్లు, కర్మాగారం షిఫ్టులకు బయల్దేరే కార్లు అన్నీ ఒకే దారిలో నడుస్తుంటాయి. ముందు వెళ్లే లారీ చక్రం కింద నుంచి ఎగిరే ఒక్క కంకర రాయి చాలు, వెనుక కారు ముందు అద్దంపై నక్షత్రం ఆకారంలో పగులు ఏర్పడడానికి. వేసవి ఎండలో బయట అద్దం కాలిపోతుండగా లోపల ఏసీ వేస్తే ఆ పగులు కొద్ది సేపట్లోనే అంచు వరకు పాకవచ్చు.

ఆ తర్వాత అద్దం మారుతుంది. కారు తీసుకెళ్లడానికి వచ్చిన యజమాని చేతికి గ్యారేజీ వారు రెండు మూడు వేల రూపాయల బిల్లు ఇస్తారు. ‘బీమా ఉంది కదా, ఇదేమిటి?’ అని ఆయన అడుగుతారు. దేశంలో ఏ గ్యారేజీ కౌంటరు వద్దనైనా వినిపించే మాటే ఇది. కర్మాగారం నిర్మాణ కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న భిలాయిలో ఈ వాదన హిందీలోనూ, తెలుగులోనూ సాగుతుంది. ఇందులో యజమాని మోసపోయారనడం ఎంత తొందరపాటో, గ్యారేజీ వారి మాట అంతా నిజమనడమూ అంతే తొందరపాటు. ఆ బిల్లులో ఏ రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తగవు సగానికి సగం తగ్గుతుంది.

మొదట గుర్తించవలసింది ఒకటి ఉంది. బీమా ఒప్పందం వాహన యజమానికి, బీమా సంస్థకు మధ్య కుదిరినది. అద్దం మార్చే పని ఒప్పందం యజమానికి, గ్యారేజీకి మధ్య కుదిరినది. బీమా సంస్థ నేరుగా గ్యారేజీకి చెల్లించే ‘క్యాష్‌లెస్’ పద్ధతి ఈ రెండింటినీ కలిపే సౌకర్యం మాత్రమే. బీమా సంస్థ ఆమోదించని మొత్తం యజమాని బాధ్యతగానే మిగులుతుంది. గ్యారేజీ బీమా సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందంలో అలా వసూలు చేయబోమని ముందే అంగీకరించి ఉంటే మాత్రం లెక్క వేరు.

కోత ఎక్కడ పడుతుంది?

మోటారు బీమా నిబంధనల్లో విడి భాగాలకు తరుగుదల కోత ఉంటుంది. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం, ఫైబర్ గ్లాస్ భాగాలకు 30 శాతం, లోహ భాగాలకు వాహనం వయసును బట్టి సున్నా నుంచి 50 శాతం వరకు కోత పడుతుంది. అద్దానికి మాత్రం తరుగుదల లేదు. పదేళ్ల కారుకైనా కొత్త అద్దం ధర పూర్తిగా లెక్కలోకి వస్తుంది. ‘గ్లాస్‌కు కోత ఉండదు’ అని ఏజెంట్లు చెప్పేది ఈ అర్థంలో నిజమే. చిక్కు అద్దంతో కాదు, దాని చుట్టూ ఉన్న వాటితో వస్తుంది. అద్దం అంచున ఉండే రబ్బరు బీడింగ్‌కు సగం కోత పడుతుంది. అద్దాన్ని బాడీకి అంటించే సీలెంట్‌ను కొన్ని సంస్థలు బిగింపు పనిలో భాగంగా ఒప్పుకుంటాయి, కొన్ని ‘కన్స్యూమబుల్స్’ కింద కొట్టివేస్తాయి. వాటికి ప్రత్యేక యాడ్-ఆన్ తీసుకున్నవారికి ఈ బాధ ఉండదు.

వీటన్నింటి పైన తప్పనిసరి మినహాయింపు ఉంటుంది. దీన్నే ‘కంపల్సరీ డిడక్టబుల్’ అంటారు. 1,500 సీసీ వరకు ఉన్న ప్రైవేటు కారుకు రూ.1,000, అంతకు మించితే రూ.2,000 చొప్పున ప్రతి క్లెయింలోనూ యజమాని భరించాలి. జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉన్నా ఇది తప్పదు. ప్రీమియం తగ్గుతుందని స్వచ్ఛందంగా అదనపు మినహాయింపు ఎంచుకున్నవారికి అదీ కలుస్తుంది. పాలసీ తీసుకున్న రోజు ఆ గడిలో ఏమి నింపారో చాలామందికి గుర్తుండదు.

ఉదాహరణకు 1,200 సీసీ కారు ముందు అద్దం రూ.8,000, బీడింగ్ రూ.600, సీలెంట్ రూ.1,000, కూలీ రూ.1,400 అనుకుందాం. మొత్తం రూ.11,000. దానిపై 18 శాతం జీఎస్టీ రూ.1,980 కలిపితే బిల్లు రూ.12,980 అవుతుంది. బీడింగ్‌లో సగం రూ.300, సీలెంట్ రూ.1,000 యజమాని వాటాకు వస్తాయి. వాటిపై పన్ను రూ.234 కలిపితే రూ.1,534. తప్పనిసరి మినహాయింపు రూ.1,000 చేరిస్తే కౌంటరు వద్ద కట్టవలసింది రూ.2,534. మిగిలిన రూ.10,446 బీమా సంస్థ ఇస్తుంది. కౌంటరు వద్ద తగవంతా సాధారణంగా ఈ రూ.2,534 లాంటి మొత్తంపైనే.

లారీ యజమానుల విషయంలో మరో మెలిక ఉంది. జీఎస్టీ నమోదు ఉండి, సరకు రవాణా వాహనం మరమ్మతుపై ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకునే అర్హత ఉన్నవారికి బీమా సంస్థ పన్ను మొత్తాన్ని చెల్లించదు. ఆ పన్నును వారు ప్రభుత్వం వద్ద సర్దుబాటు చేసుకోగలరు కాబట్టి అది వారికి నష్టం కిందికి రాదు. అందుకే గ్యారేజీ ఆ మొత్తాన్ని లారీ యజమాని నుంచే అడుగుతుంది. మామూలు కార్లకు ఈ క్రెడిట్‌ను చట్టం అనుమతించదు గనుక ఆమోదించిన మొత్తంపై పన్నును బీమా సంస్థే భరిస్తుంది.

బిల్లు ఎవరి పేరున రాయాలన్న ప్రశ్నకు కేంద్ర పరోక్ష పన్నుల, కస్టమ్స్ బోర్డు 2024 జూన్ 26న జారీ చేసిన 217వ నంబరు సర్క్యులర్‌లో సమాధానం ఉంది. గ్యారేజీ రెండు ఇన్వాయిస్‌లు ఇస్తే, తనకు వచ్చిన దానిపై బీమా సంస్థ క్రెడిట్ పొందవచ్చు. మొత్తం ఒకే ఇన్వాయిస్‌గా బీమా సంస్థ పేరున ఉంటే ఆమోదించిన మేరకే క్రెడిట్ దక్కుతుంది. ఇన్వాయిస్‌లో బీమా సంస్థ పేరు లేకపోతే అసలు దక్కదు. ఇది పన్నుల వారి కోసం రాసినదే అయినా కారు యజమానికీ పనికొస్తుంది. తన వాటాకు విడి బిల్లు అడిగి తీసుకుంటే, ఏది బీమాది, ఏది తనది అన్నది కాగితం మీద కనిపిస్తుంది.

‘మినహాయింపు మేం చూసుకుంటాం’

పోటీలో గిరాకీ నిలుపుకోవడానికి కొన్ని గ్యారేజీలు ‘మీరు ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు’ అంటుంటాయి. గ్యారేజీ తన లాభంలోంచి తగ్గించుకుని, ఆ తగ్గింపును బిల్లులో చూపిస్తే అదొక విషయం. జరిగేది ఎక్కువగా అది కాదు. ఎనిమిది వేల అద్దాన్ని తొమ్మిది వేలకు రాసి, ఆ వెయ్యిని బీమా సంస్థ నుంచి రాబట్టడం జరుగుతుంది. దీనికి పేరు దొంగ బిల్లు. క్లెయిం పత్రంపై సంతకం చేసేది యజమాని కాబట్టి, బయటపడితే క్లెయిం తిరస్కరణ, పాలసీ రద్దు భారం ఆయన మీదే పడుతుంది.

ఈ ఆశ ఎంత దూరం తీసుకెళ్తుందో అమెరికాలోని ఫ్లోరిడా చూపింది. అక్కడ సమగ్ర బీమా ఉన్నవారికి ముందు అద్దంపై మినహాయింపు వర్తించదని చట్టమే చెబుతుంది. గ్యారేజీలు కానుకలతో గిరాకీ పట్టి, క్లెయిం హక్కును తమ పేరిట రాయించుకుని, బీమా సంస్థలపై పెద్ద సంఖ్యలో దావాలు వేశాయి. చివరకు 2023లో ఆ రాష్ట్రం అద్దాల విషయంలో ఇలాంటి హక్కు బదలాయింపులనూ, కానుకలనూ నిషేధించింది. బ్రిటన్‌లో ఇంత గొడవ లేదు. అద్దం బిగించే సంస్థ పాలసీలోని మినహాయింపు మొత్తాన్ని యజమాని నుంచి నేరుగా వసూలు చేసి, మిగతాది బీమా సంస్థ నుంచి తీసుకుంటుంది.

అసలు పాలసీ ఏది?

కొన్ని సందర్భాల్లో వాటా ప్రశ్న రాకముందే క్లెయిం పడిపోతుంది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. సొంత నష్టానికి వర్తించే భాగాన్ని మాత్రం ఏడాదికే తీసుకోవచ్చు. రెండో ఏట దాన్ని పునరుద్ధరించని యజమాని చేతిలో ఇంకా చెల్లుబాటులో ఉన్న పాలసీ కాగితమే ఉంటుంది. అద్దానికి అందులో ఒక్క రూపాయి కూడా రాదు. గ్యారేజీ చూడవలసింది పైన ఉన్న గడువు తేదీని కాదు, ‘ఓన్ డ్యామేజ్’ గడిలోని తేదీని.

పాత కారు కొన్నవారికి మరో ముప్పు ఉంది. ఆర్‌సీ తమ పేరిట మారినా బీమా పాత యజమాని పేరునే ఉండిపోతే సొంత నష్టం క్లెయిం నిలవదని సుప్రీంకోర్టు 1995 నాటి కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసు నుంచి చెబుతూ వస్తోంది. బదిలీకి మోటారు వాహనాల చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు.

బీమా సంస్థకు తెలియజేయకుండా, ఫొటోలు తీయకుండా పాత అద్దాన్ని విప్పేయడం కూడా గ్యారేజీలు కొనితెచ్చుకునే నష్టమే. రూ.50,000 లోపు మోటారు క్లెయింలకు లైసెన్సు ఉన్న సర్వేయర్ రావడం తప్పనిసరి కాదు. కానీ నష్టాన్ని చూసి అంచనా వేసే అవకాశం బీమా సంస్థకు ఇవ్వాలి. ఆ అవకాశం లేకుండా చేసిన పనికి ఆమోదం రాకపోతే, ‘మీరే తొందరపడ్డారు’ అని యజమాని కట్టడానికి నిరాకరిస్తారు. అందులో న్యాయం లేదనలేం.

బాకీ వసూలుకు చట్టం ఇచ్చిన ఆయుధం

బీమా సంస్థ జాబితాలో లేని చిన్న గ్యారేజీల అవస్థ వేరు. అక్కడ యజమాని ముందు మొత్తం కట్టి, తర్వాత బీమా సంస్థ నుంచి రాబట్టుకోవాలి. తెలిసినవారే కదా అని ‘క్లెయిం డబ్బు వచ్చాక ఇస్తాను’ అన్న మాటకు ఒప్పుకుని కారు తాళాలు ఇచ్చేస్తే, ఆ డబ్బు యజమాని ఖాతాలో పడిన సంగతి కూడా గ్యారేజీకి తెలియదు. అద్దం కొన్న దుకాణానికి మాత్రం గ్యారేజీ నెల తిరిగేసరికి చెల్లించాలి. ఇలాంటి బాకీలు నాలుగైదు పోగైతే చిన్న షెడ్డు పెట్టుబడి అక్కడితో ఆగిపోతుంది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, ఒక వస్తువుపై శ్రమ, నైపుణ్యం వెచ్చించినవారు ఆ పనికి రావలసిన ప్రతిఫలం అందే వరకు ఆ వస్తువును తమ వద్దే ఉంచుకోవచ్చు. అంటే అద్దం మార్చిన కారును బిల్లు చెల్లించే వరకు ఆపే హక్కు గ్యారేజీకి ఉంది. అయితే ఇది ఆ పని బాకీకే పరిమితం. పోయిన ఏడాది క్లచ్ పని తాలూకు బకాయి ఉందని ఇప్పటి కారును ఆపడం చెల్లదు. అప్పు ఇస్తామని ముందే ఒప్పుకుంటే ఈ హక్కు నిలవదు. కారు అప్పగించేసినా పోతుంది. ఆ తర్వాత మిగిలేది సివిల్ దావా. దానికి పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్ల గడువు.

బాకీపడింది వాహనాలు నడిపే కంపెనీ అయి, గ్యారేజీకి ఉద్యమ్ నమోదు ఉంటే మరో దారి ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చెల్లింపు గడువు 45 రోజులకు మించరాదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది.

క్లెయిం వేయడమే నష్టమైతే?

అన్నిటికన్నా ముందు వేసుకోవలసిన లెక్క ఇదే అయినా దాన్ని చివరికి వదిలేస్తారు. క్లెయిం వేస్తే నో క్లెయిం బోనస్ సున్నాకు పడిపోతుంది. ఇప్పుడు 35 శాతం బోనస్ ఉన్న యజమాని క్లెయిం వేయకపోతే వచ్చే ఏడాది 45, ఆ తర్వాత 50 శాతం రాయితీ పొందుతారు. వేస్తే వరుసగా సున్నా, 20, 25, 35, 45 శాతం దక్కుతాయి. ఈ తేడాలను అయిదేళ్లకు కూడితే ఒక ఏడాది సొంత నష్టం ప్రీమియంలో 120 శాతం అవుతుంది. ఆ ప్రీమియం రూ.9,000 అయితే పోయేది రూ.10,800. కారు విలువతోపాటు ప్రీమియమూ ఏటా తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం కొంత తక్కువే ఉంటుంది. అయినా పై ఉదాహరణలో బీమా సంస్థ ఇచ్చిన రూ.10,446కు అది దగ్గరగానే ఉంది. బోనస్ రక్షణ యాడ్-ఆన్ ఉన్నవారికి ఈ చింత లేదు.

ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో తయారవుతుంది. అందుకే రాయి తగిలితే పక్క అద్దంలా ముక్కలై రాలదు. నాణెమంత పగులు డ్రైవరు చూపుకు అడ్డు రాని చోట ఉంటే, దుమ్ము, నీరు చేరకముందే రెసిన్ నింపి ఆపవచ్చు. దాని ఖర్చు కొత్త అద్దంలో చిన్న వంతే. బీమా జోలికి వెళ్లనవసరం లేదు.

క్లెయిం వేసి తిరస్కరణకు గురైన యజమాని మొదట బీమా సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు. ఛత్తీస్‌గఢ్ వారి ఫిర్యాదులు భోపాల్ కార్యాలయానికి వెళ్తాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్వహించే ‘బీమా భరోసా’ పోర్టల్‌లోనూ, 155255 నంబరులోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. దుర్గ్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్ మరో మార్గం. గ్యారేజీ యజమానికి అంబుడ్స్‌మన్ తలుపు తెరిచి లేదు.