గంగ ఒడ్డున ఒక రోజు మకాం

ఋషికేశ్: చార్‌ధామ్ యాత్రకు బయలుదేరే మన గోదావరి పల్లెల వారికి, టూరు వారిచ్చే కాగితంలో బొత్తిగా మింగుడుపడని ముక్క ఒకటుంటుంది. ‘ఋషికేశ్‌లో విడిది, విశ్రాంతి’ అన్నదే ఆ ముక్క. రెండు రాత్రులు రైల్లో నడుములు విరగ్గొట్టుకుని వచ్చాక, కేదారం చూడకుండా, బదరీ చూడకుండా రోజంతా ఇక్కడ కూర్చోవడం దేనికని అడగని వారుండరు. ‘ఆ రోజేదో కొండ మీదే ఉంచరాదా బాబూ?’ అని టూరు మేనేజరును నిలదీసే పెద్దలూ ఉంటారు. మేనేజరు నవ్వి ఊరుకుంటాడు. ఈ ప్రశ్న అతనికి ప్రతి ట్రిప్పులోనూ ఎదురయ్యేదే.

హరిద్వారానికి పాతిక కిలోమీటర్ల లోపునే ఉన్నది ఋషికేశ్. కొండల మధ్య నుంచి గంగ మైదానంలోకి దిగే చోటు ఇది. పేరు వినగానే జడలు కట్టిన మునులు, పర్ణశాలలు ఉంటాయనుకుని వచ్చిన వారికి మొదట కనబడేవి జీపుల నెత్తిన బోర్లించి కట్టిన రబ్బరు పడవలు. నెత్తిన హెల్మెట్టు, ఒంటికి ఎర్రటో పసుపుపచ్చటో జాకెట్టు, చేతిలో తెడ్డు పట్టుకున్న కుర్రకారు, ఆడపిల్లలతో సహా, గుంపులు గుంపులుగా ఆ జీపులెక్కుతుంటారు. వీరంతా ఢిల్లీ వంటి పట్టణాల నుంచి శని, ఆదివారాలకు వచ్చేవారు. మన వారు వచ్చింది పాపం కడుక్కోవడానికైతే, వారు వచ్చింది సరదాకి. ఇద్దరికీ నది ఒక్కటే.

ఎగువన పదహారు కిలోమీటర్ల దూరాన ఉన్న శివపురి దగ్గర పడవ నీట దించుతారు. గాలి కొట్టిన పడవలో చెరో పక్కన కూర్చుని, వెనుక నున్న గైడు కేక వేసినప్పుడల్లా తెడ్డు వేయాలి. నది ఇరుకైన చోట, అడుగున బండరాళ్ళున్న చోట నీరు సుడులు తిరిగి లేస్తుంది. పడవ ముక్కు పైకి లేచి కిందికి పడుతుంది. కూర్చున్న వారు నిలువునా తడుస్తారు. వానల్లో, అంటే జూలై, ఆగస్టు నెలల్లో నది పొంగుతుంది గనుక ఈ ఆట ఆపేస్తారు. ఇంతేకాక, సమీపంలో మోహన్ చట్టీ అనే చోట 83 మీటర్ల ఎత్తు నుంచి కాళ్ళకు సాగే తాడు కట్టి మనిషిని దూకిస్తారు. మూడు నాలుగు కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు. డబ్బిచ్చి మరీ దూకుతున్నారని వింటే మన ముసలమ్మలు ముక్కున వేలేసుకుంటారు.

ఒక్కటి మాత్రం గమనించదగ్గది. జాకెట్టు తొడుక్కోని వారిని గైడు పడవ ఎక్కనివ్వడు. ఎంత ఈత వచ్చినా సరే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగిన సంగతి గోదావరి వారు మరచిపోయేది కాదు గనుక, ఆ జాకెట్ల వంక మన వారు చూసే చూపు వేరుగా ఉంటుంది.

రేవులో గొలుసు

అయితే ప్రమాదం ఆ పడవల్లో వెళ్ళే వారికన్నా రేవులో మునిగే వారికే ఎక్కువేమో ననిపిస్తుంది. గోదావరిలో పుట్టి పెరిగామనే ధీమా మన వారిది. రాజమండ్రి రేవులో ఎండాకాలపు నీరు గోరువెచ్చగా, నింపాదిగా ఉంటుంది. ఇక్కడిది కరిగిన మంచు నీరు. మే నెలలో కూడా కాలు పెడితే ఎముక జివ్వుమంటుంది. పైకి నున్నగా కనబడే ప్రవాహం అడుగున లాగేస్తుంది. చల్లదనానికి ఒక్కసారిగా ఊపిరి బిగుసుకుని, పిక్కలు పట్టేసి, గజ ఈతగాడు సైతం చేతులాడించలేని స్థితికి వస్తాడు. ఎగువ డ్యాముల నుంచి నీరు వదిలే వేళను బట్టి మట్టం మారుతుంటుంది. పొద్దున మోకాలి లోతున్న మెట్టు, మధ్యాహ్నానికి నడుము లోతు కావచ్చు.

అందుకే రేవుల్లో ఇనుప గొలుసులు వేశారు. ‘గొలుసు వదలకండమ్మా, మూడు మునకలు చాలు’ అని మేనేజరు అరుస్తూనే ఉంటాడు. రేవు లేని ఇసుక ఒడ్డున, పడవల వాళ్ళు దిగే చోట స్నానాలకు దిగడం ఎంత మాత్రం తగదు. చెంబుతో ముంచి నెత్తిన పోసుకున్నా గంగాస్నానమే గదా!

వరుస వెనుక కథ

విశ్రాంతి అన్నారే గాని, ఆ రోజులో సగం యాత్ర రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గరే గడిచిపోయే బృందాలున్నాయి. ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చేయించుకుని వచ్చిన వారికి బాధ లేదు. చేయించుకోని వారు ఆధార్ కార్డు పట్టుకుని వరుసలో నిలబడాలి. 2024 మే నెలలో రద్దీ పట్టలేక ఇక్కడి కౌంటర్లు కొన్నాళ్ళు ఆపేశారు. అప్పుడు వేల మంది ఋషికేశ్, హరిద్వారాల్లో చిక్కుబడిపోయారు. చేతిలో డబ్బు అయిపోయి, పైకి వెళ్ళకుండానే వెనక్కి మళ్ళిన వారున్నారు.

దేవుణ్ణి చూడటానికి చీటీ ఎందుకని విసుక్కునే వారు 2013 జూన్‌ను ఒకసారి తలచుకోవాలి. ఆ నెల 16, 17 తేదీల్లో కేదారనాథ్ పైనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగి, వరద గుడి చుట్టూ ఉన్న ఊరిని ఊడ్చుకుపోయింది. వేలాది మంది పోయారు. ఎవరు కొండ మీద ఉన్నారో, ఎవరు దిగారో చెప్పగల జాబితా అంటూ లేకపోయింది. తెలుగు దేశం నుంచి వచ్చిన బంధువులు తమ వారి ఫొటోలు పట్టుకుని హరిద్వారం, ఋషికేశ్, డెహ్రాడూన్‌లలో కనబడిన వారినల్లా అడుగుతూ తిరిగారు. ఆ మరుసటి ఏడు నుంచి రిజిస్ట్రేషన్ పెట్టారు. చీటీలో పేరుంటే, మనిషి ఎక్కడున్నాడని వెదకడానికి కనీసం ఒక ఆధారం ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఋషికేశ్ దాదాపు 1,200 అడుగుల ఎత్తులో ఉంది. కేదారనాథ్ 11,700 అడుగుల పైమాటే. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు మన ఊళ్ళో అందేదానిలో మూడింట రెండు వంతులు. ఇక్కడ ఒక రోజున్నంత మాత్రాన ఆ పలుచటి గాలి అలవాటైపోదు. ఆ అలవాటు పై మకాముల్లో ఆగుతూ వెళ్తేనే కలుగుతుంది. మరి ఇక్కడి రోజు ఎందుకంటే, మనిషిలో ఉన్న లోపం బయటపడటానికి. రైల్లో దాచుకున్న జ్వరం, చెప్పుకోని విరేచనాలు, రెండు రోజులుగా వేసుకోని బీపీ బిళ్ళ, మెట్లెక్కితే వచ్చే ఆయాసం, ఇవన్నీ ఒక పూట తీరుబడిగా కూర్చుంటే తప్ప తెలియవు. చూపించుకోవడానికి ఎయిమ్స్ పెద్దాసుపత్రి ఈ ఊళ్ళోనే ఉంది. వెనక్కి వెళ్ళిపోవడానికి రైలూ ఉంది. ఇది దాటితే ఇక కొండ దారే. కొండచరియ విరిగిపడితే గంటల కొద్దీ బస్సు కదలదు.

ఆగిపోమని చెప్పడం మాత్రం తేలిక కాదు. ధాన్యం అమ్మిన డబ్బుతోనో, చీటీ పాడిన డబ్బుతోనో, జన్మకొకసారి అనుకుని వచ్చిన వారు. ‘పోతే కేదారంలోనే పోతాను, అంతకన్నా పుణ్యమేముంది?’ అనేస్తారు. ఆ మాట అన్నంత సులువుగా ఉండదు అక్కడి సంగతి. డోలీ మోసేవాడు, గుర్రం వాడు, వెంట వచ్చిన కోడలు, వీళ్ళంతా ఏమి కావాలి? పెద్ద వయసు వారిని ఇక్కడే ఉంచి తక్కిన వారు పైకి వెళ్ళి వచ్చే ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్రాశ్రమం ఇక్కడ ఉంది. వేంకటేశ్వరస్వామి, చంద్రమౌళీశ్వరస్వామి గుళ్ళున్నాయి. తెలుగు మాట వినబడే చోటు. నాలుగు రోజులు గంగ ఒడ్డున కూర్చోవడం తక్కువ పుణ్యమని ఏ పురోహితుడూ అనడు.

బిళ్ళల సంగతి ఒకటి. బట్టల పెట్టెలో పెడితే ఆ పెట్టె బస్సు నెత్తికెక్కుతుంది. చేతి సంచీలోనే ఉంచుకోవాలి. స్వెట్టరు, మఫ్లరు, వానకోటు కూడా అంతే.

సాయంకాలం త్రివేణి ఘాట్‌లో హారతి చూడవలసిందే. లక్ష్మణ్ ఝూలా మీద నడుద్దామనుకుని వచ్చిన వారికి నిరాశ తప్పదు. 1930లో తెరిచిన ఆ తాళ్ళ వంతెన ఇక బరువు మోయలేదని 2019 జూలైలో అధికారులు నిర్ణయించారు. పక్కనే కొత్త వంతెన పని చేపట్టారు. నది దాటడానికి దిగువన 1986 నాటి రామ్ ఝూలా, 2020లో తెరిచిన జానకీ సేతు ఉన్నాయి. వంతెన మధ్యలో నిలబడితే కింద కుర్రాళ్ళ పడవలు ఒకదాని వెనుక ఒకటి జారిపోతూ కనబడతాయి. చేతులూపితే వాళ్ళూ ఊపుతారు.

రాత్రి వంటవాడు పెందలాడే అన్నం, చారు, ఆవకాయతో సరిపెడతాడు. కొండ దారిలో కడుపు బరువుగా ఉంటే వాంతులవుతాయన్నది అతని అనుభవం. తెల్లవారుజామున నాలుగింటికి గిన్నెలు, స్టవ్వులు బస్సు మీదికి చేరతాయి. డ్రైవరు మారతాడు. ఇక్కడి నుంచి కొండ దారి తెలిసిన గఢ్వాలీ మనిషి చేతిలో స్టీరింగు. టార్చిలైటు పట్టుకుని మేనేజరు చీటీల్లోని పేర్లు ఒక్కొక్కటే చదువుతాడు. పలికిన వారు పలుకుతారు. ఆశ్రమంలో ఉండిపోయిన ఇద్దరు ముగ్గురి పేర్ల దగ్గర పెన్సిలుతో గీత గీసి, ‘పోనీయ్’ అంటాడు.