స్కూటరుకి జెండా ఎక్కడ కట్టాలి? ఎందుకు?

హనుమాన్ జయంతి శోభాయాత్ర అయినా, యూనియన్ ర్యాలీ అయినా, స్కూటరుకి జెండా కట్టమంటే చాలామంది చేయి అద్దం కాడ మీదికే పోతుంది. ముందు అందేది అదే కదా! కానీ కట్టకూడని చోటు కూడా అదే.

ఎందుకు? అద్దం హ్యాండిల్‌కి బిగించి ఉంటుంది. గాలి జెండాను వెనక్కి లాగినప్పుడల్లా ఆ లాగుడు హ్యాండిల్ మీద, అదీ ఒక్క పక్కనే పడుతుంది. వేగం రెట్టింపైతే గాలి తోపు సుమారు నాలుగింతలవుతుంది. 30 కిలోమీటర్ల వేగంలో తెలియని లాగుడు 60లో చేతికి తెలుస్తుంది. పైగా ముందు కట్టిన గుడ్డ వెనక్కే ఎగురుతుంది, నడిపేవాళ్ల కళ్లకి అడ్డం పడుతుంది.

అందుకే వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కడ్డీకి కట్టాలి. అది చాసిస్‌కి బోల్టులతో బిగించి ఉంటుంది, హ్యాండిల్‌తో పాటు తిరగదు. సైలెన్సర్ లేని పక్క చూసుకోండి. వేడికి జెండాకి కర్రగా వాడే ప్లాస్టిక్ పైపు మెత్తబడుతుంది.

కర్ర కొనక్కర్లేదు. ఇంట్లో వైరింగుకి వాడగా మిగిలిన కరెంటు పైపు మూడడుగుల ముక్క చాలు. అంతకంటే ఎత్తు పెడితే చెట్ల కొమ్మలకీ, కిందికి వేలాడే కేబుళ్లకీ తగులుతుంది. పైపు ఎక్కువగా వంగేది కట్టిన చోటే, విరిగేదీ అక్కడే. కింది సగంలో సన్నటి వెదురు పుల్ల దూరిస్తే ఆ బలహీనత పోతుంది. కడ్డీకీ పైపుకీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పైన ప్లాస్టిక్ జిప్ టైలు బిగించండి. రబ్బరు ఉంటే పైపు జారదు, పెయింటు గీరుకోదు. ఒక్క చోటే కడితే పైపు గాలికి వెనక్కి వాలిపోతుంది. కింద నంబరు ప్లేటు పట్టీ దగ్గర ఇంకో కట్టు వేయండి. నంబరు, వెనక లైటు, ఇండికేటరు మాత్రం కనబడాలి.

జెండా అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉంటే నిండుగా కనబడుతుంది. పైపు దూరేలా ఒక అంచును గొట్టంలా కుట్టించి, పైపుకి చిన్న చిల్లు పెట్టి దారంతో ముడేస్తే గుడ్డ కిందికి జారదు. అన్నిటికంటే ఎక్కువ కొట్టుకునేది ఎగిరే కొస. ముందుగా పీలికలయ్యేది అదే కాబట్టి అక్కడ అంచు మడిచి రెండు కుట్లు వేయించండి.

మువ్వన్నెల జెండా సంగతి వేరు. 2002 నాటి జెండా నియమావళి ప్రకారం వాహనాల మీద దాన్ని ఎగరేసే హక్కు రాష్ట్రపతి, గవర్నర్లు, మంత్రుల వంటి కొందరికే ఉంది. ఇంటి మీద పగలూ రాత్రీ ఎగరేసే వీలు 2022లో వచ్చింది. మనసులో భక్తి ఎంతున్నా దాన్ని స్కూటరుకి కట్టొద్దు, ఇంటి మీదే ఎగరేద్దాం.

అంతా అయ్యాక పైపు పట్టుకుని గట్టిగా ఊపండి. బండి కూడా ఊగితే కట్టు కుదిరినట్టే. పైపు ఒక్కటే ఊగితే ఇంకో టై వేయండి. కొంత దూరం వెళ్లాక ఆపి మళ్లీ ఒకసారి చూసుకోండి.