లేని సాక్ష్యం

అమెరికాలో పెద్ద కేసుల్లో ముద్దాయి దోషా కాదా అని తేల్చేది జూరీ. అంటే మనబోటి మామూలు మనుషులే. చట్టం చదవనివాళ్లు కదా, అందుకని వాళ్లు ఆలోచనకు కూర్చునేముందు జడ్జిగారు కొన్ని సూచనలు ఇస్తారు. మరి సాక్ష్యం పోలీసుల చేతుల్లోనే పాడైపోతే?

1983లో అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో ఒక పిల్లవాడిపై అఘాయిత్యం జరిగింది. పోలీసులు వాడి బట్టలు తీసుకున్నారు గాని, చల్లటి చోట భద్రపరచలేదు. తర్వాత పరీక్షిస్తే ఏమీ తేలలేదు. ప్రభుత్వమే సాక్ష్యాన్ని పోగొట్టిందని తోస్తే, అది ప్రభుత్వానికి ఎదురుగా ఉండేదని అనుకోవచ్చు అని జూరీకి చెప్పారు. అనుకోవచ్చు అన్నారే గాని, అనుకోవాలి అనలేదండీ! పిల్లవాడు గుర్తుపట్టాడు గనుక లారీ యంగ్‌బ్లడ్ దోషి అని జూరీ తేల్చింది. పోలీసులు దురుద్దేశంతో చేయలేదు గనుక విచారణ చెల్లుతుందని 1988లో సుప్రీంకోర్టు అంది. 2000లో కొత్తరకం డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తే, నేరం చేసింది అతను కాదని తేలింది!

మన దేశంలో క్రిమినల్ కేసులకిప్పుడు జూరీ లేదు. అయినా, ఇవ్వగలిగిన సాక్ష్యం దాచిపెడితే అది దాచినవారికే వ్యతిరేకమని కోర్టు భావించవచ్చని మన చట్టంలోనూ ఉంది. కేసు గురించి పేపర్లో చదివినప్పుడు ఏం దొరికిందో చూస్తాం. ఏం పరీక్షించలేదో కూడా అడగాలి మరి.