అల మీద స్వారీ... గాల్లో పల్టీ: ఒంటికి ఏది నయం?

రీల్స్‌లో ఈ మధ్య తరచూ కనిపించే దృశ్యం ఇది. ఒక కుర్రాడు చిన్న జెట్ స్కీ మీద నిలబడి ఉంటాడు. క్షణంలో బండితో సహా గాల్లోకి లేచి, వెనక్కి పిల్లిమొగ్గ వేసి, మళ్లీ నీళ్ల మీద దిగుతాడు. మరో వీడియోలో అలాంటి బండే సముద్రపు అల వాలు మీద వంపులు తిరుగుతూ జారిపోతుంది. మొదటిది చూసి పిల్లలు కేకలు వేస్తారు. రెండోది చూసి ‘ఇందులో ఏముంది?’ అంటూ వేలితో పైకి తోసేస్తారు.

ఆ ఆట ఆడేవాళ్లలోనూ ఈ వాదన ఉంది. అల తీరు పసిగట్టి, దాని వాలును వాడుకుంటూ సాగడం గొప్పా? గాల్లో పల్టీలు కొట్టడం గొప్పా? ఎవరి అభిరుచి వారిది. డాక్టరుగా నాకు వచ్చే ప్రశ్న వేరు. ఈ రెండింటిలో ఒంటికి దెబ్బ ఎక్కడ, ఎలా తగులుతుంది? విదేశాల్లో చదువుకుంటున్న మీ అబ్బాయి ఈ సరదాలో పడినా, మీరు కుటుంబంతో రుషికొండ బీచ్‌లోనో గోవాలోనో ఒక రౌండ్ వేయాలనుకున్నా ఈ సంగతులు తెలిసి ఉండాలి.

నిలబడి నడిపే బండి

మన బీచ్‌లలో అద్దెకు దొరికేవి ఎక్కువగా స్కూటర్‌లా కూర్చుని నడిపేవి. ఫ్రీస్టైల్‌కు వాడేది ఒక్కరే నిలబడి నడిపే రకం. మోటోక్రాస్ రేసర్ క్లేటన్ జాకబ్సన్ ఆలోచన నుంచి పుట్టిన ఈ బండిని కవాసాకి సంస్థ 1970ల తొలినాళ్లలో మార్కెట్లోకి తెచ్చింది. ‘జెట్ స్కీ’ అన్నది నిజానికి ఆ సంస్థ బ్రాండ్ పేరే. 1990లో యమహా సూపర్‌జెట్ వచ్చింది. కంపెనీ నుంచి వచ్చే ఇలాంటి బండ్ల బరువు మోడల్‌ను బట్టి సుమారు 140 నుంచి 250 కిలోలు. పల్టీలు కొట్టేవారు కార్బన్ ఫైబర్‌తో చేసిన తేలికైన బండ్లు వాడతారు. గాల్లో పాదాలు ఊడిపోకుండా పట్టి ఉంచే ఏర్పాటు కూడా అందులో ఉంటుంది.

దీనికి బయట తిరిగే రెక్కలు ఉండవు. లోపలి పంపు కింది నుంచి నీటిని పీల్చి, వెనక గొట్టంలోంచి బలంగా చిమ్ముతుంది. బండి కదిలేదీ, మలుపు తిరిగేదీ ఆ ధారతోనే. అందుకే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే మలుపు తిరిగే శక్తి చాలావరకు పోతుంది. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే కొత్తవాళ్లు కంగారులో యాక్సిలరేటర్ వదిలేసి హ్యాండిల్ తిప్పుతారు. బండి తిరగకుండా నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది.

నిలకడ నీటిలో దెబ్బ నడుముకి

సరస్సులో ఎగరడానికి అల ఉండదు. కాబట్టి బండి ముక్కును నీళ్లలోకి అదిమి, అది పైకి తన్నుకొచ్చే క్షణంలో ఇంజిన్‌కు పూర్తి బలం ఇస్తారు. ఆ ఊపుతోనే పల్టీ. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉన్న లేక్ హవాసు ఇలాంటి పోటీలకు పేరున్న చోటు.

పైకి లేపేది ఇంజిన్. దిగేటప్పుడు ఆ అదురును ఓర్చుకోవాల్సింది మన ఒళ్లు. 1 మీటరు ఎత్తు నుంచి పడితే నీటిని తాకే వేగం గంటకు సుమారు 16 కిలోమీటర్లు. 3 మీటర్ల నుంచైతే దాదాపు 28. ఎత్తు మూడింతలైతే దెబ్బలోని శక్తి కూడా మూడింతలు. నీళ్లు మెత్తనివే కదా అనుకుంటాం. చిన్నప్పుడు ఊరి బావిలో దూకబోయి పొట్ట మీద పడినవారిని అడిగితే ఆ మెత్తదనం ఏపాటిదో చెబుతారు.

మోకాళ్లు వంచి దిగితే తొడ కండరాలు స్ప్రింగుల్లా పనిచేసి అదురును మింగేస్తాయి. కాళ్లు బిగదీసుకుంటే ఆ అదురు నేరుగా వెన్నుకు చేరుతుంది. పక్కటెముకల ఆసరా ఉన్న వీపు, కదలిక ఎక్కువగా ఉండే నడుము కలిసే చోట ఒత్తిడి ఎక్కువ పడుతుంది. వెన్నుపూస నలిగిపోయే ‘కంప్రెషన్ ఫ్రాక్చర్’ తరచుగా వచ్చేది అక్కడే. పాదం బండిలో ఇరుక్కుని ఒళ్లు పక్కకు మెలితిరిగితే మోకాలి లిగమెంట్లు, చీలమండ దెబ్బతింటాయి. గడ్డం హ్యాండిల్‌కు తగిలితే పళ్లు, దవడ పోతాయి. తల గట్టిగా అదిరితే మెదడుకు దెబ్బ.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడ అల కోసం ఆగే పని లేదు. ఒకే పల్టీని గంటలో పదే పదే సాధన చేయొచ్చు. కండరాలు అలసిపోయాక కూడా ‘ఇంకొక్కటి’ అనుకుంటూ ఎగిరినప్పుడే దిగడం తప్పుతుంది.

అల మీద దెబ్బ తక్కువ, గండం వేరు

అల వాలు జారుడుబల్ల లాంటిది. నేల మీదికి దూకడానికీ, జారుడుబల్ల మీదికి దూకడానికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. 45 డిగ్రీల వాలు మీద దిగితే, చదునుగా ఉన్న నీటితో పోలిస్తే, నేరుగా తగిలే దెబ్బలోని శక్తి సుమారు సగమే. మిగతాది ముందుకు జారే వేగంగా మారుతుంది. గాల్లోకి లేవకుండా అల మీద వంపులు తిరిగేవారికైతే వెన్ను మీద భారం ఇంకా తక్కువ.

అయితే అలనే గెంతుడు బల్లగా చేసుకుని పల్టీ కొడితే లెక్క మారిపోతుంది. 2 మీటర్ల అల కొన నుంచి మరో 2 మీటర్లు లేచి, దాని వెనకున్న పల్లంలో పడితే మొత్తం పతనం 4 మీటర్లు. అంటే వాలు ఇచ్చిన లాభం పోయి, నష్టం రెట్టింపవుతుంది.

అలల్లో అసలు గండం ఊపిరికి, మెడకు. విరిగిన అల నురుగులో గాలి ఎక్కువ. పంపుకు పట్టు దొరకదు, మనిషి కూడా మామూలుగా తేలలేడు. అంతలో మరో అల వస్తుంది. పడినవాడి మీదికి 150 కిలోల బండిని అదే అల మోసుకొస్తుంది. అందుకే పడినప్పుడు బండికీ ఒడ్డుకీ మధ్య ఉండకూడదు, సముద్రం వైపే ఉండాలి. ఇసుక మేట దగ్గర లోతు తక్కువగా ఉంటే తల నేలకు తగిలి మెడ విరగొచ్చు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే దానికి ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలి, లేదా తేలుతూ చెయ్యెత్తి సాయం కోరాలి.

కాబట్టి పోల్చి చెప్పాలంటే, నిలకడ నీటిలో పల్టీ వెన్నుకు, మోకాలికి భారం. అల మీద స్వారీ వెన్నుకు తేలిక, కానీ ఈత, దమ్ము, అల తీరు తెలిసినవారికే. అల మీద పల్టీలో ఈ రెండు ప్రమాదాలూ ఉన్నాయి. నేర్చుకునేవారు ముందు ఈత, తర్వాత నిలకడ నీటిలో నిలబడటం, ఆపైన చిన్న అలలు, చివరికి పల్టీ అనే వరుస పాటించాలి. శిక్షకుడు ఉండాలి. ఒంటరిగా ఎప్పుడూ వెళ్లకూడదు. హెల్మెట్, లైఫ్ జాకెట్, పళ్లకు మౌత్ గార్డ్, పడగానే ఇంజిన్ ఆగిపోయేలా చేతికి కట్టుకునే తాడు తప్పనిసరి.

చెప్పుకోవడానికి సిగ్గుపడే గాయం

పల్టీలు కొట్టేవారికే కాదు, వెనక సీట్లో కూర్చున్నవారికీ వచ్చే గాయం ఒకటుంది. బండి ఒక్కసారి ముందుకు దూకితే వెనకున్నవారు కాళ్లు ఎడంగా ఉన్న స్థితిలోనే నీళ్లలో పడతారు. ఆ విసురుకో, వెనక గొట్టంలోంచి వచ్చే ధార బలానికో నీళ్లు మలద్వారంలోకి, ఆడవారిలో యోని మార్గంలోకి దూసుకెళ్లి లోపల చీల్చేస్తాయి. పైకి చిన్న గీత కూడా కనిపించకపోవచ్చు. మామూలు ఈత దుస్తులు దీన్ని ఆపలేవని తయారీదారులే బండి మీద హెచ్చరిక అంటిస్తారు. వెట్‌సూట్ షార్ట్స్, లేదా అంతే రక్షణ ఇచ్చే మందపాటి, దట్టమైన నేత ఉన్న బిగుతు దుస్తులు వేసుకోవాలి.

పడిన తర్వాత కింది భాగంలో రక్తం, పొత్తికడుపులో నొప్పి ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు. పేగుకు చిల్లు పడి ఉంటే గడిచే ప్రతి గంటా ప్రమాదమే. అమ్మాయిలు ఇంట్లో చెప్పలేక ‘నెలసరి ముందే వచ్చింది’ అని సరిపెట్టుకోవచ్చు. తల్లులు మెల్లగా అడిగి తెలుసుకోవాలి.

బీచ్‌లో ఒక రౌండ్ వేసేవారికి

● చున్నీ, చీర కొంగు, విరబోసిన జుట్టు పంపులోకి లాగేసుకునే ప్రమాదం ఉంది. వాటితో ఎక్కకండి.
● లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టించుకోండి. పిల్లలకు వాళ్ల సైజుదే అడగండి.
● వెనక కూర్చుంటే నడిపేవారిని గట్టిగా పట్టుకోండి. అలల మీద ఎగిరించవద్దని ముందే చెప్పండి.
● మద్యం తాగి ఎక్కవద్దు. తాగినవారు నడిపే బండీ ఎక్కవద్దు.
● అమెరికా వెళ్లినప్పుడు అక్కడి చట్టం తెలుసుకోండి. ఫ్లోరిడాలో నడపడానికి కనీసం 14 ఏళ్లు, అద్దెకు తీసుకోవడానికి 18 ఏళ్లు ఉండాలి.

గర్భిణులు, ఎముకలు గుల్లబారినవారు, డిస్క్ సమస్యతో కాలు లాగుతున్నవారు, మూర్ఛ ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు, ఈ మధ్య ఆపరేషన్ అయినవారు ఒడ్డునే ఉండి ఫొటోలు తీయడం మేలు.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

● కాళ్లలో బలహీనత, కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం రాకపోవడం: వెన్నులో నరాలు నొక్కుకుపోతున్న సూచన.
● మెడ నొప్పితో చేతులు తిమ్మిరెక్కడం: మనిషిని లేపి కూర్చోబెట్టవద్దు. మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి.
● తల అదిరాక వాంతులు, మగత, అడిగిందే అడగడం: నిద్రపోతే తగ్గుతుందని వదిలేయకండి. పూర్తిగా కోలుకోకముందే మళ్లీ తలకు దెబ్బ తగిలితే ప్రాణాపాయం.
● నీళ్లు మింగాక ఆగని దగ్గు, ఆయాసం: కొన్ని గంటలు ఆసుపత్రిలో పరిశీలనలో ఉండాలి.

మునిగినవారికి శ్వాస ఆడకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం చేయొద్దు. అవి విలువైన నిమిషాలను వృథా చేస్తాయి. వెంటనే నోటితో శ్వాస ఇస్తూ, ఛాతీ నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టాలి.

మీ అబ్బాయి పల్టీ వీడియో పంపితే లైక్ కొట్టండి, తప్పు లేదు. తర్వాత ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. ఎక్కడ దిగుతున్నావు? పడితే లాగడానికి పక్కన ఎవరున్నారు? దిగిన మర్నాడు నడుము ఎలా ఉంది? మూడో దానికి ‘కొంచెం పట్టేసింది, అదే పోతుంది’ అన్న జవాబు రెండోసారి కూడా వస్తే, ముందు ఆ ఆట ఆపించి డాక్టరుకు చూపించుకోమనండి.