గుర్రం దగ్గర గుండెదడ తగ్గుతుందా?

రేపు లెక్కల పరీక్ష. చదివినదంతా మరచిపోయినట్లు అనిపిస్తుంది. అరచేతులు చెమర్చుతాయి, నోరు ఎండిపోతుంది, గుండె దడదడ కొట్టుకుంటుంది. మీకెప్పుడైనా ఇలా జరిగిందా? ఇది పిరికితనం కాదు. మిమ్మల్ని కాపాడటానికి మీ శరీరం చేసే ప్రయత్నమే ఇది.

ఎలాగంటారా? మంచిర్యాల జిల్లా జన్నారం పక్కనున్న కవ్వాల్ అడవికి వెళదాం. 1965లో అభయారణ్యమైన ఈ టేకు, వెదురు అడవిని 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ మేస్తున్న దుప్పి, ఆకుల అలికిడి వినగానే తలెత్తుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కాళ్ళ కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది. పారిపోవడానికి దుప్పి సిద్ధం! పులి రాకపోతే కాసేపటికి మళ్ళీ మేత మొదలుపెడుతుంది.

మన శరీరంలోనూ ఇదే ఏర్పాటు ఉంది. కాని పరీక్ష అనే పులి పొదలో కాదు, మన ఆలోచనలో ఉంటుంది. రోజుల తరబడి అక్కడి నుండి కదలదు. అదే ఆందోళన.

గుర్రం కూడా దుప్పి వలె వేటకు గురయ్యే జాతి జంతువే. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందువల్ల సరిగ్గా తన వెనుక ఉన్నది, ముక్కు ముందు ఉన్నది తప్ప చుట్టూ దాదాపు అంతా చూడగలదు. మందలో ఒకటి బెదిరితే తక్కినవీ బెదురుతాయి. మరి పక్కనున్న మనిషి బెదిరితే?

2009లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. కొందరిచేత గుర్రాలను ఒకే దారిలో పలుమార్లు నడిపించారు. నాలుగోసారి గుర్రం ముందు గొడుగు విప్పుతామని ముందుగానే చెప్పారు. నిజానికి గొడుగు విప్పనే లేదు! అయినా మనిషి గుండె వేగం పెరిగింది, గుర్రం గుండె వేగమూ పెరిగింది.

ఈ సంబంధాన్నే కొన్ని దేశాల్లో చికిత్సకు వాడుతున్నారు. ఆందోళన పడే పిల్లలు శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో గుర్రానికి మాలీసు చేస్తారు, మేత పెడతారు, పగ్గం పట్టి నడిపిస్తారు. స్వారీ తప్పనిసరి కాదు. గుర్రం నిమ్మళంగా ఉండాలంటే తామూ నిమ్మళంగా ఉండాలి. అందుకని మెల్లగా మాట్లాడతారు, మెల్లగా శ్వాస విడుస్తారు. అలా విడిచినప్పుడు వేగస్ అనే నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అయితే ఈ చికిత్సపై జరిగిన పరిశోధనలు చాలావరకు కొద్దిమందిపైనే జరిగాయి. కనుక ఇది సర్వరోగ నివారిణి అనుకోరాదు.

గుర్రం లేకపోతేనో? చెట్టు చాలు! 1984లో రోజర్ ఉల్రిచ్ అనే శాస్త్రజ్ఞుడు, అమెరికాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగిన 46 మంది వివరాలను పోల్చి చూశాడు. వారిలో 23 మందికి కిటికీలోంచి చెట్లు, తక్కిన 23 మందికి ఇటుక గోడ కనిపించేవి. చెట్లు కనిపించినవారు సగటున ముప్పావు రోజు ముందుగా ఇంటికి వెళ్ళారు. బాధ తగ్గించే ఘాటైన మందులు కూడా వారికి తక్కువే అవసరమయ్యాయి.

మీరూ ఒక ప్రయోగం చేయండి. మణికట్టు వద్ద నాడి పట్టుకుని ఒక నిమిషంలో ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కించి రాసుకోండి. బడి ఆవరణలోని వేపచెట్టు కింద పది నిమిషాలు కూర్చోండి. పిట్టల అరుపులు వింటూ, పీల్చిన దానికంటే నెమ్మదిగా శ్వాస విడవండి. మళ్ళీ లెక్కించండి. ఒక రోజు గదిలో కూర్చుని కూడా ఇలాగే చేసి, రెండు రోజుల అంకెలూ పోల్చండి.

ఒక జాగ్రత్త: పెళ్ళి ఊరేగింపులో గుర్రం కనిపిస్తే యజమానిని అడగకుండా ముట్టుకోకండి. వెనుక నుండి అసలే వెళ్ళకండి. కనిపించనిది తగిలితే అది బెదిరి తన్నుతుంది.

దిగులుతో వారాల తరబడి నిద్ర, తిండి సరిగా లేకపోతే చెట్టు ఒక్కటే చాలదు. అమ్మానాన్నలకో, ఉపాధ్యాయులకో చెప్పండి. 2022లో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరం వస్తే చెప్పడానికి మనం సిగ్గుపడతామా? ఇదీ అంతే.